కాట్రిడ్జి, సేఫ్టీ రేజరు, ఎలక్ట్రిక్ షేవరు: రోజూ గీసుకునేవారికి ఏది వీలుగా ఉంటుంది?

ప్రశ్న | సోమవారపు గడ్డం

నమస్కారం. వారానికి ఐదు రోజులు నున్నగా గడ్డం గీసుకొని వెళ్లక తప్పని ఉద్యోగం నాది. పన్నెండేళ్లుగా ఐదు బ్లేడ్ల కాట్రిడ్జి రేజరే వాడుతున్నాను. చెంపల మీద దానితో నాకు ఎటువంటి ఇబ్బందీ లేదు. మెడ మీద మాత్రం, ముఖ్యంగా కంఠమణికి ఇరువైపులా కాలరు రాసుకునే చోట, బుధవారం వచ్చేసరికి ఎర్రటి పొక్కులు లేస్తాయి. శుక్రవారం వాటి మీదుగానే మళ్లీ రేజరు నడపవలసి వస్తుంది. శని, ఆదివారాలు గీసుకోకుండా వదిలేస్తే తగ్గుతాయి గాని, అలా వదిలేసినందుకు సోమవారం వేరే శిక్ష ఉంటుంది. మూడు రోజుల గడ్డం ఆ బ్లేడ్ల సందుల్లో నురుగుతో కలిసి ముద్దలా ఇరుక్కుపోతుంది. కుళాయి ధార కింద ఎంతసేపు పట్టినా వదలదు. సింకు అంచుకు తట్టి, పాత టూత్ బ్రష్షుతో వెనక నుంచి తోమి, మళ్లీ రెండు గీతలు గీసి, మళ్లీ తట్టి, ఇలా గీసుకోవడానికి పట్టిన సమయం కంటే రేజరును శుభ్రం చేయడానికే ఎక్కువ సమయం పోతుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా నాన్నగారు యాభై ఏళ్లకు పైగా సేఫ్టీ రేజరుతో తమ గడ్డం తామే గీసుకున్నారు. రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. దానికి తోడు రక్తం గడ్డకట్టకుండా ఉండేందుకు మందు వాడుతున్నారు. అందువల్ల రోజు విడిచి రోజు నేనే గీస్తున్నాను. నా రేజరు పిడికే వేరే కాట్రిడ్జి తగిలించి గీస్తున్నాను గాని, ఆయన ముడతల మీద అది ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో తెలియక ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకోవలసి వస్తోంది.

ఏ రేజరు ఎక్కువ నున్నగా గీస్తుందన్నది నా ప్రశ్న కాదు. ఉదయం పట్టే సమయం, గీసుకున్నాక శుభ్రం చేసే పని, ప్రయాణాల్లో వెంట ఉంచుకోవడం, గాట్లు పడకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే ఏ రకం వీలుగా ఉంటుందో వాడినవారు చెప్పగలరా? మా ఇద్దరికీ ఒకే రకం పనికివస్తే మరీ మంచిది.

జవాబు | రెండంచుల బ్లేడు

మీ సోమవారపు ఇబ్బందికి కారణం మీ అశ్రద్ధ కాదు, ఆ రేజరు నిర్మాణమే. గడ్డం వెంట్రుక రోజుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఐదు బ్లేడ్ల కాట్రిడ్జిలో ఒక బ్లేడుకూ మరొక బ్లేడుకూ మధ్య ఉండే ఎడం దాదాపు ఒక మిల్లీమీటరు. రోజూ గీసుకున్నప్పుడు రాలే పొడి ఆ సందులోంచి నీటితో పాటు జారిపోతుంది. మూడు రోజులు ఆగితే తెగిన ముక్క పొడవూ సందు వెడల్పూ ఇంచుమించు ఒకటే అవుతాయి కనుక ముక్కలు అడ్డంగా చిక్కుకుంటాయి, వాటి మీద నురుగు పేరుకుంటుంది. సేఫ్టీ రేజరులో బ్లేడు ఒక్కటే ఉంటుంది, దాని కింద నురుగు పోవడానికి బారుగా తెరిచిన దారి ఉంటుంది. వారం రోజుల గడ్డాన్నైనా నాలుగు గీతలు గీసి, మగ్గులో నీళ్లు పోసి అందులో రేజరును అటూ ఇటూ ఆడిస్తే చాలు, శుభ్రపడుతుంది. తొమ్మిదేళ్లుగా ఇదే వాడుతున్నాను, టూత్ బ్రష్షుతో పని పడింది నెలకొకసారే.

పొక్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రెండు బ్లేడ్ల కాట్రిడ్జి 1971లో జిలెట్ ట్రాక్ 2 పేరుతో వచ్చింది. 1998లో మాక్ 3తో బ్లేడ్లు మూడయ్యాయి, 2006లో ఫ్యూజన్‌తో ఐదయ్యాయి. వీటన్నిటి వెనక ఉన్న ఉపాయం ఒక్కటే. ముందు బ్లేడు వెంట్రుకను కోస్తూ కొంచెం పైకి లాగుతుంది, అది తిరిగి లోపలికి జారేలోగా వెనక బ్లేడు ఇంకొంచెం కింద కోస్తుంది. చెంప మీద వెంట్రుకలు నిటారుగా ఉంటాయి కనుక ఇది బాగానే పనిచేస్తుంది. మెడ మీద వెంట్రుకలు చర్మాన్ని అంటుకొని పక్కకు వాలి ఉంటాయి, కొందరికి సుడులు కూడా ఉంటాయి. అక్కడ చర్మం మట్టానికి దిగువన తెగిన వెంట్రుక మళ్లీ మొలిచేటప్పుడు బయటి దారి దొరక్క పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. మీ బుధవారపు పొక్కు చాలా వరకు అదే అయి ఉంటుంది. వైద్యులు దీనిని సూడోఫాలిక్యులైటిస్ అంటారు. వెంట్రుక ఎంత ఉంగరాలు తిరిగితే ఈ బాధ అంత ఎక్కువ.

జిలెట్ సంస్థ స్థాపకుడు కింగ్ క్యాంప్ జిలెట్‌కు 1904లో పేటెంటు వచ్చిన సేఫ్టీ రేజరు అసలు సౌకర్యం పేరుతోనే బయలుదేరింది. నూరవలసిన పని లేని పలుచని బ్లేడు, మొద్దుబారితే పారేసి కొత్తది వేసుకోవడం, అంతే. అమ్మకం మొదలైన 1903లో 51 రేజర్లూ 168 బ్లేడ్లూ మాత్రమే అమ్ముడయ్యాయి, మరుసటి ఏడాదికి అమ్మకాలు వేలల్లోకి వెళ్లాయి. ఆ రూపమే దాదాపు మారకుండా నేటికీ ఉంది.

ఇక దీని అసౌకర్యాలు దాచకుండా చెబుతాను. మొదటి రెండు మూడు వారాలు మీకు ఇది అస్సలు వీలుగా అనిపించదు. కాట్రిడ్జికి మెడ కదులుతుంది కనుక కోణం సంగతి అదే చూసుకుంటుంది. సేఫ్టీ రేజరుకు ఆ కోణం మీ మణికట్టే ఇవ్వాలి. రేజరు తల పైభాగాన్ని చెంపకు ఆనించి, పిడిని నెమ్మదిగా కిందికి దించుతూ పోతే ఒకచోట బ్లేడు వెంట్రుకను పట్టుకున్న సన్నని గరగర వినిపిస్తుంది. అదే సరైన కోణం, చర్మానికి బ్లేడు దాదాపు ముప్పై డిగ్రీలలో ఉన్నట్టు. అక్కడి నుంచి రేజరు బరువే గీయాలి గాని మీ చెయ్యి నొక్కకూడదు. పన్నెండేళ్లు కాట్రిడ్జిని నొక్కి గీసిన చేతికి ఈ అలవాటు మాన్పించడమే కష్టం. నాకు చుబుకం మీద పడిన గాట్లన్నీ మొదటి పది రోజుల్లో పడినవే.

కొనేటప్పుడు పిడి అడుగున మర తిప్పితే తలుపుల్లా రెండు రెక్కలు తెరుచుకునే రకం చూడగానే ముచ్చటగా ఉంటుంది. బ్లేడు మార్చడం నిజంగానే తేలిక. కాని ఆ కీళ్లలో సబ్బు చేరితే తీయడం కష్టం. మూడు ముక్కలుగా విడిపోయే రకం తీసుకోండి. పై మూత, అడుగు పలక, పిడి, దేనికదే కడుక్కోవచ్చు. బ్లేడును ఎప్పుడూ పదును లేని పొట్టి అంచుల దగ్గరే పట్టుకోవాలి. తడిచేతులతో మార్చవద్దు.

బ్లేడును నాలుగైదు సార్లకు మించి వాడవద్దు. ఉక్కు వెంట్రుక కంటే యాభై రెట్లు గట్టిది కదా, అంత త్వరగా ఎందుకు మొద్దుబారుతుందని నాకూ సందేహం ఉండేది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. అంచు సమానంగా అరిగిపోవడం ఒక్కటే కారణం కాదు. వెంట్రుక వంగి పక్క నుంచి ఒత్తినప్పుడు, ఉక్కు అమరికలో తేడా ఉన్న చోట అంచు నుంచి కంటికి కనిపించని పెచ్చులు లేస్తాయి. అందుకే గీసుకునే ముందు గడ్డాన్ని గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు నాననివ్వడం వల్ల ముఖానికీ బ్లేడుకూ మేలు. నానిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది.

వాడిన బ్లేడ్లను చెత్తబుట్టలో నేరుగా పడవేయకండి, చెత్త ఎత్తేవారి చేతులు తెగుతాయి. మూతకు సన్నని చీలిక కోసిన పాత రేకు డబ్బా ఒకటి పెట్టుకుంటే ఏళ్ల తరబడి నిండదు.

జవాబు | ఒక్క చేతిసంచి

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని నా అభిప్రాయం. పైన మిత్రులు చెప్పినదంతా నిజమే గాని, అడిగినవారు సౌకర్యం గురించి అడిగారు, మూడు వారాల శిక్షణ గురించి కాదు. మీ ఐదు బ్లేడ్ల కాట్రిడ్జి తీసేసి రెండు బ్లేడ్ల మామూలు వాడి పారేసే రేజరు ఒక నెల వాడి చూడండి. సందులు వెడల్పుగా, వెనక వైపు తెరిచి ఉండేది చూసుకుంటే నీటి ధారకే శుభ్రపడుతుంది. మెడ మీద ఎదురు గీత మానేయండి, వెంట్రుక మొలిచిన దిశలోనే ఒక్కసారి గీసి ఊరుకోండి. అమెరికన్ చర్మవైద్యుల సంఘం కాట్రిడ్జినైనా, వాడి పారేసే రేజరునైనా ఐదు నుంచి ఏడు సార్ల తరువాత మార్చమంటుంది. మనలో చాలామందిమి ఒకే కాట్రిడ్జిని నెలల తరబడి లాగుతాం. పొక్కులకు అదీ ఒక కారణమే.

నేను నెలలో సగం రోజులు ప్రయాణాల్లో ఉంటాను. చాలా విమానాశ్రయాల్లో సేఫ్టీ రేజరు బ్లేడ్లను చేతిసంచిలో రానివ్వరు, పెద్ద సామానుతో పంపాలి. బ్లేడు లేని పిడిని పట్టుకొని పరాయి ఊళ్లో దిగి, రాత్రి పదకొండింటికి బ్లేడ్ల కోసం తిరిగిన అనుభవం నాకు ఒకసారి చాలు. ప్లాస్టిక్కులో బిగించి ఉన్న కాట్రిడ్జికి, వాడి పారేసే రేజరుకు సాధారణంగా అటువంటి అభ్యంతరం ఉండదు. ప్లాస్టిక్కు చెత్త పెరుగుతుందన్న విమర్శకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

జవాబు | పొడి గడ్డం

రెండంచుల బ్లేడు గారూ, నీటిలో నానబెట్టే మూడు నిమిషాలు, నురుగు పట్టించే రెండు నిమిషాలు, గీసే ఏడు నిమిషాలు, కడిగి తుడిచి ఆరబెట్టే రెండు నిమిషాలు కలిపితే పద్నాలుగు. ఉదయం అందరూ స్నానాల గది కోసం వరుసలో ఉన్న ఇంట్లో దానిని సౌకర్యం అనడానికి నాకు నోరు రాదు. నేను బూట్లు వేసుకుంటూ గడ్డం గీసుకునే మనిషిని.

ఎలక్ట్రిక్ షేవరు కొత్తదేమీ కాదు. జేకబ్ షిక్ తయారుచేసినది 1931లోనే అమ్మకానికి వచ్చింది. గుండ్రంగా తిరిగే తలల రకాన్ని ఫిలిప్స్ సంస్థ 1939లో తెచ్చింది. ఇప్పటికీ ప్రధానంగా ఈ రెండు జాతులే. ఒకటి ఫాయిల్ రకం. సన్నని చిల్లుల రేకు చర్మాన్ని తాకుతూ ఉంటుంది, చిల్లులోంచి లోపలికి దూరిన వెంట్రుకను రేకు కింద అటూ ఇటూ ఆడే కత్తెర కోస్తుంది. రెండోది రోటరీ రకం. మూడు గుండ్రని తలలు, ఒక్కొక్క దాని కింద గిర్రున తిరిగే బ్లేడ్లు. రోజూ గీసుకునేవారికి, వెంట్రుకలు ఒకే దిశలో ఉన్నవారికి ఫాయిల్ నప్పుతుంది. దానిని నిలువు గీతలుగా నడపాలి. రోటరీని చిన్న చిన్న సున్నాలు చుడుతూ నడపాలి. రెండు రోజులు ఆగిన గడ్డాన్ని, దవడ మలుపును రోటరీ బాగా పట్టుకుంటుంది. చాలామంది ఫాయిల్ షేవరును సున్నాలు చుట్టించి, రోటరీని గీతలు గీయించి, రెండూ పనికిరావని మూలన పడేస్తారు.

బ్లేడుకూ చర్మానికీ మధ్య రేకు అడ్డం ఉంటుంది కనుక వెంట్రుక చర్మం మట్టానికి ఒక వాసి పైనే తెగుతుంది. అందువల్ల బ్లేడుతో గీసినంత నున్నగా రాదు, సాయంత్రానికి చెయ్యి పెడితే గరుకు తెలుస్తుంది. మీ మెడకు కావలసింది మాత్రం ఆ ఒక వాసే. చర్మం కింద తెగని వెంట్రుక లోపలికి గుచ్చుకోవడం తగ్గుతుంది. అలవాటు పడడానికి దీనికీ రెండు మూడు వారాలు పడుతుంది, ఆ మధ్యలో చర్మం కొంచెం ఎర్రబడవచ్చు. బ్లేడుతో ఒక రోజు, దీనితో ఒక రోజు చేస్తే ఆ గడువు మరింత సాగుతుంది.

అసలైన బలహీనత మెడ మీదే ఉందని కూడా ఒప్పుకోవాలి. పడుకొని ఉన్న వెంట్రుక చిల్లులోకి దూరదు. ఒకే చోట పదిసార్లు రుద్దితే పొక్కుల బదులు మంట వస్తుంది. తల కొంచెం వెనక్కు వంచి, రెండో చేత్తో చర్మాన్ని కిందికి సాగదీసి, వెంట్రుకకు ఎదురుగా నడిపితే అవి లేచి నిలబడతాయి. బ్లేడుతో చేయవద్దన్న ఎదురు గీతే దీనికి అవసరం, ఇది గమనించండి. మీ సోమవారపు గడ్డానికైతే ముందు ట్రిమ్మరుతో కురచ చేసి, ఆ తరువాతే షేవరు పెట్టండి.

శుభ్రం చేయడం గురించి ప్రకటనల్లో చెప్పినంత తేలిక కాదు. తల విప్పి చూస్తే లోపల గోధుమరంగు పిండిలా చర్మపు పొడి, వెంట్రుకల పొడి ఉంటుంది. వారం దాటితే వాసన వస్తుంది. తడపదగిన రకమైతే చేతులు కడుక్కునే సబ్బు ఒక చుక్క వేసి, ధార కింద అర నిమిషం నడిపిస్తే పోతుంది, ఆ తరువాత ఫాయిల్ మీద పలుచని నూనె ఒక చుక్క వేయాలి. ఏడాది, ఏడాదిన్నరకు ఫాయిల్‌నూ కత్తెరనూ మార్చాలి. నేనొకసారి షేవరును సింకులో జారవిడిచాను. పైకి ఏమీ కనిపించలేదు, మరునాడు దవడ మీద గోరుతో రక్కినట్టు మూడు గీతలు పడ్డాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఫాయిల్‌లో వెంట్రుకవాసి చీలిక. కింద పడిన షేవరును అలా చూడకుండా ముఖానికి పెట్టకండి.

జవాబు | రాత్రి డ్యూటీ

అన్నయ్యగారూ, మీ గడ్డం సంగతి పైవారు చూసుకుంటున్నారు, నేను మీ నాన్నగారి గురించి రాస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేస్తున్నాను, మంచం మీద ఉన్నవారికి గడ్డం గీయడం మా పనిలో భాగం.

రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారికి ఎలక్ట్రిక్ షేవరే వాడమని మేము చెబుతాము. మీకు ఆవగింజంత గాటు రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, ఆయనకు అదే గాటు దిండుగలీబు తడిసేదాకా కారవచ్చు. ఎప్పుడైనా తెగితే తుడుస్తూ ఉండకుండా, శుభ్రమైన గుడ్డ మడతపెట్టి, ఐదు నుంచి పది నిమిషాలు కదలకుండా అదిమి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే వైద్యుడికి చెప్పాలి. ఇద్దరికీ ఒకే రకం కావాలన్నారు, రకం ఒకటైతే ఫరవాలేదు. పరికరం ఒకటి కాకూడదు. కంటికి కనిపించని రక్తపు చారతో కూడా హెపటైటిస్ బి వంటివి ఒకరి నుంచి ఒకరికి సోకుతాయి. ఆ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కాట్రిడ్జి మార్చి పిడి ఒకటే వాడడం కంటే ఆయనకు వేరే పిడి ఉంచడమే మేలు. ఒక ఉదయం హడావిడిలో ఎవరి కాట్రిడ్జి ఎవరిదో తారుమారు కావడానికి ఎంతోసేపు పట్టదు.

ముడతల మీద రేజరు ఆగుతుందన్నారు. కట్టుడుపళ్లు ఉంటే అవి పెట్టుకున్న తరువాతే గీయండి. పళ్లు లేకపోతే బుగ్గలు లోపలికి పోయి ముడతలు రెట్టింపవుతాయి. ఆయనను పడుకోబెట్టకుండా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక ఒక దిండు ఆనించండి. మీరు ఎదురుగా కాకుండా పక్కన, కొంచెం వెనకగా నిలబడితే మీ సొంత గడ్డం గీసుకునే దిశలోనే మీ చెయ్యి తిరుగుతుంది. ఎడమ చేతి వేళ్లతో చెంపను చెవి వైపుకు మెల్లగా సాగదీసి, సాగిన మేర మాత్రమే గీసి, చెయ్యి జరిపి మళ్లీ సాగదీయండి. పై పెదవి దగ్గర పెదవిని పళ్ల మీదికి ముడుచుకోమనండి. పెద్దవాళ్లకు ఈ అలవాటు ఎలాగూ ఉంటుంది, చెప్పకముందే ముడుస్తారు.

ఇంకొక్క మాట. వణుకు ఉన్నా చాలామంది మోచెయ్యి బల్ల మీద ఆనించుకుంటే ఎలక్ట్రిక్ షేవరును సొంతంగా నడపగలరు, అది జారినా తెగదు. ఆయన చేయగలిగినంత ఆయనను చేయనిచ్చి, మిగిలిన చోట్లు మీరు సరిచేయండి. కుదురుగా చేతిలో ఇమిడే లావుపాటి పిడి, బొటనవేలికి సులువుగా తగిలే మీట ఉన్నది చూసుకోండి. నున్నటి పిడి అయితే రబ్బరు తొడుగు వేయండి.

జవాబు | ఆకురాయి

మంగలికత్తి వాడేవాడిని కనుక ఈ చర్చలో నాకు చోటు లేదని తెలుసు. అయినా ఎవరో ఒకరు వచ్చి అదే అన్నిటికంటే మంచిదని చెప్పకముందే నేనే చెప్పదలచుకున్నాను. సౌకర్యం కోసమైతే దాని జోలికి పోకండి. ప్రతిసారీ గీసుకునే ముందు తోలుపట్టీ మీద యాభై అరవై సార్లు అటూ ఇటూ తిప్పాలి, కొన్ని నెలలకొకసారి రాయి మీద నూరాలి, వాడాక కీలు దగ్గర చెమ్మ లేకుండా తుడవాలి. రెండు చేతులకూ పని నేర్పాలి, ఎడమ చెంపకు ఎడమ చెయ్యి వాడడం నాకు ఆరు నెలలకు గాని రాలేదు. కత్తి మీద సాము అన్నది మాటవరసకు అనే మాట కాదని అప్పుడు తెలిసింది. నాకు ఆదివారం ఉదయం గంట ఖాళీ ఉంటుంది కనుక, ఆ గంట నాకు ఇష్టం కనుక వాడుతున్నాను. మిగిలిన ఆరు రోజులు నేను వాడేది రెండు బ్లేడ్ల కాట్రిడ్జి.

ఇంట్లో వణికే చేతులు, పలచబడ్డ రక్తం ఉన్నప్పుడు సగం బ్లేడు తగిలించే కత్తి కూడా వద్దు. దానికి నూరే పని ఉండదు గాని, గాటు మంగలికత్తి గాటే.

ప్రశ్న అడిగినవారు | సోమవారపు గడ్డం | ఏడు వారాల తరువాత

అందరికీ ధన్యవాదాలు. ఏమి చేశానో రాయకపోతే బాగుండదని మళ్లీ వచ్చాను.

ముందు చేతిసంచి గారి సలహానే తీసుకున్నాను, ఎందుకంటే అది అన్నిటికంటే తక్కువ పని. రెండు బ్లేడ్ల రేజరుతో సోమవారపు ముద్ద పోయింది. పొక్కులు తగ్గాయి గాని పోలేదు. అప్పుడు మూడు ముక్కల సేఫ్టీ రేజరు కొన్నాను. మొదటి వారం చుబుకం మీద మూడు గాట్లు, చెవి తమ్మె కింద ఒకటి పడ్డాయి. పటిక బిళ్ల రాసుకొని ఉద్యోగానికి వెళ్లాను. ఆ సన్నని గరగర కోసం రెండో వారమంతా చెవి రిక్కించుకొని గీశాను, మూడో వారం వినిపించింది. మొదట పదహారు నిమిషాలు పట్టేది, ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. ఇంతకంటే తగ్గుతుందని అనుకోను.

వెంట్రుకలు ఎటు మొలుస్తున్నాయో ఇన్నేళ్లూ నేను చూడనే లేదు. ఒక ఆదివారం రెండు రోజుల గడ్డాన్ని వేలితో నాలుగు వైపులా నిమిరి చూశాను. కుడివైపు మెడ మీద పైనుంచి కిందికి, ఎడమవైపు అడ్డంగా చెవి వైపుకు ఉన్నాయి. అంటే పన్నెండేళ్లుగా ఎడమవైపు ప్రతి గీతా అడ్డగీతే. ఇప్పుడు అక్కడ రేజరును పక్కకు నడుపుతున్నాను. కాలరు దగ్గర ఒకటి రెండు పొక్కులు తప్ప మిగిలినవి లేవు. ప్రయాణాలకు మాత్రం వాడి పారేసేవి రెండు సంచిలో పడేసుకుంటున్నాను.

నాన్నగారికి ఫాయిల్ షేవరు తెచ్చాను. మొదటి రోజు పొడిగా పెడితే రెండు నిమిషాలు ఓర్చుకొని, "ఇది గడ్డం గీయడం కాదురా, ఇస్త్రీ చేయడం" అన్నారు. ఆయనకు నురుగు ఉండాలి. అదృష్టవశాత్తు అది తడిగడ్డానికి కూడా పనికొచ్చే రకం కనుక, కుంచెతో పలుచగా నురుగు పట్టించి ఆ మీద నడుపుతున్నాము. కుంచె ఆయనే పట్టుకుంటారు. వణికే చేత్తో నురుగు ఇంకా బాగా లేస్తుందని ఆయన వాదన. మోచెయ్యి బల్ల మీద ఆనించి ఎడమ చేత్తో కుడి చెంప మొత్తం తామే గీసుకుంటున్నారు, మెడ, పై పెదవి నేను చూస్తున్నాను. ఇప్పటి దాకా ఒక్క గాటు కూడా పడలేదు. తడిగా వాడిన రోజున షేవరు తల విప్పి కడిగి తీరాలి, లేకపోతే సబ్బు లోపల గట్టిపడుతోంది. ఆ పని ఒక్కటి పెరిగింది.

చివరిగా ఒక చిన్న సందేహం. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ. నా సేఫ్టీ రేజరు పిడి మరలోనూ పలక అడుగునా తెల్లటి పొర కడుతోంది, మర తిప్పుతుంటే కరకరమంటోంది. వెనిగరులో నానబెట్టవచ్చా?

జవాబు | రెండంచుల బ్లేడు

స్టెయిన్‌లెస్ స్టీలుదైతే నిరభ్యంతరంగా నానబెట్టవచ్చు. ఎక్కువ రేజర్లు జింకు మిశ్రమం మీద క్రోమియం పూత వేసినవి. మీదీ అదే అయితే వెనిగరులో సమానంగా నీళ్లు కలిపి, ఐదు నిమిషాలకు మించకుండా ఉంచి, టూత్ బ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడగండి. ముందు పూతను వెలుతురులో పరీక్షగా చూడండి. ఎక్కడైనా లేచి ఉంటే ఆమ్లం లోపలి జింకును తినేస్తుంది కనుక వెనిగరు మాని, గోరువెచ్చని సబ్బునీళ్లతోనే తోముకోవాలి. ఇకపైన రోజూ గీసుకున్నాక మరను సగం తిప్పు వదులు చేసి, రేజరును గట్టిగా ఒకసారి విదిలించి, తల కిందికి ఉండేలా వేలాడదీయండి. నీళ్లు నిలవకపోతే పొర కట్టదు.